ఆవులాయన కోటు

పాస్టరు గారు ఆవులాయన బతుకునంతా నాలుగు ముక్కల్లో తేల్చేశారు. దైవభక్తుడు, కుటుంబీకుడు, పశువుల్ని ప్రాణంగా చూసుకున్న మనిషి. మాటలు నిజమే. కానీ ప్రతి మాటకూ హాలు దద్దరిల్లేలా "ఆమెన్" అంటున్నవాణ్ణి చూస్తేనే ఆవులాయన భార్యకు ఒళ్లు మండిపోతోంది. వాడు స్వయానా ఆమె మరిది. అన్న మంచాన పడ్డప్పుడు చూడటానికి వచ్చి, పేడ వాసన పడదంటూ గేటు దగ్గరే కారు అద్దం కాస్త దించి, "ఎలా ఉన్నాడు వదినా?" అని అడిగి అటునుంచి అటే వెళ్లిపోయిన మహానుభావుడు. ఇవాళ అన్న జ్ఞాపకార్థ కూడికలో ఆ ముక్కు చీదడమేమిటి, ఆ వెక్కిళ్లేమిటి! పైగా ఒంటి మీద అన్న కోటు.

ఆయన పోయినప్పటి నుంచి ఆ కోటు వంటింటి వెనక తలుపు పక్కన మేకుకే వేలాడుతోంది. పొద్దున చూస్తే మేకు బోసిగా ఉంది. కూతురు కొట్టంలోకి వేసుకెళ్లిందేమో అనుకుంది తల్లి. తీరా ఇంట్లో జనం నిండి పాట మొదలయ్యేసరికి, నిన్న సాయంత్రమే దిగిన మరిది అందులో దూరి వచ్చి ఆమె పక్కన కూలబడ్డాడు.

"అచ్చం అన్న లేచొచ్చినట్టే ఉన్నాడమ్మా!" అంది వెనక ఎవరో ఒకావిడ.

సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆమెకూ అలాగే అనిపించింది. ఎండుగడ్డి, పాలు, పుండ్లకు రాసే మందు, వీటన్నిటి వాసనా కలిసి గుప్పుమంది. ఆదివారం పొద్దున కూడా పాలు పిండాకే ప్రార్థనకు బయలుదేరేవాడాయన. "ఇవాళ ఆదివారమని వాటికెవరు చెప్తారే?" అనేవాడు. నలుగురికీ వాసన ఇబ్బందని చివరి బెంచీలో కూర్చునేవాడు. ఇంటికొచ్చాక బూట్లు గుమ్మం బయట విప్పి, కూతురు ముందు కూర్చుంటే తప్ప ముద్ద ముట్టేవాడు కాదు. ఆ మనిషి పక్కనే కూర్చున్నట్టుంటే ఆమె గుండె కరిగి నీరైపోయింది.

సరిగ్గా అప్పుడే మరిది ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"వదినా, అన్న నాతో ఎప్పుడూ అనేవాడు. నాకేదైనా అయితే నా స్థానంలో నువ్వుండాల్రా అని. ఈ చాకిరీ మీ తల్లీకూతుళ్ల వల్ల ఏమవుతుంది చెప్పు? మాంసం కంపెనీవాళ్లు మందని మొత్తంగా తీసుకుంటామంటున్నారు. పాస్టరయ్యగారి ముందు నువ్వు ఊఁ అంటే చాలు, మిగతాది నేను చూసుకుంటాను."

ఆవులాయన పోయేముందు చెప్పింది వేరు. మంద కూతురిదన్నాడు. ఆ పిల్ల ఆవుల మధ్యే పెరిగింది, దానికి వేరే లోకం లేదు. అది తల్లికి తెలియని సంగతా? తెలుసు. అయినా ఆ వాసన ముక్కుకు తగులుతుంటే తల దానంతటదే ఊగబోయింది. "అమ్మాయిని కూడా పిలుచుకొస్తాను, ఉండు" అని ఎలాగో లేచి, పెరటి దారిన కొట్టంలోకి వెళ్లింది.

కూతురు కూడికకు రాలేదు. తెల్లవారుజామున ఓ ఆవు చచ్చిన దూడను ఈనింది. అటు ఇంకో దూడకు తల్లి పోయింది. పాలున్న తల్లి, పాలు కావలసిన దూడ, మధ్యలో పరాయితనం. ఆవు తన దూడను వాసనతోనే గుర్తుపడుతుంది, పరాయిదైతే తన్ని తరిమేస్తుంది. అందుకని కూతురు చచ్చిన దూడ తోలు ఒలిచి, కాళ్లకు కంతలు పెట్టి, తల్లిలేని దూడకు తొడిగి పురికొసతో కట్టింది. మోచేతుల దాకా నెత్తురు.

"చూడమ్మా, నాకుతోంది!" అంది గుసగుసగా.

ఆవు ఆ తోలునే నాకుతోంది. మూలుగుతోంది. అడుగున వేరే దూడ ఉందని దానికేం తెలుసు? దూడ తోకాడించుకుంటూ పొదుగులో తల దూర్చింది.

"మీ నాన్న చెప్పే మాట చెప్పావా?"

"చెప్పానమ్మా. ప్రభువా క్షమించు, ఈ అబద్ధం దూడ కడుపు కోసం."

తోలు కప్పిన ప్రతిసారీ ఆయన టోపీ తీసి ఆవు ముందు ఆ మాట అనాల్సిందే. నోరులేని తల్లిని మోసం చేయడం ఆయనకు అంత కష్టంగా ఉండేది. "పాపం, చచ్చిన బిడ్డని తలుచుకుని ఇస్తోందే పాలు" అనేవాడు.

ఆ మాట గుర్తొచ్చి ఆమె ఆవు వంక చూసింది. కళ్లు అరమూతలు పడి, చొంగ కారుతూ, ఒళ్లు మరిచి నాకుతోంది. చూస్తుండగానే ఆమెకు తట్టింది. ఇందాక హాల్లో తానున్న తీరు ఇదే! మరిది పట్టుకున్న చేతిని ముక్కు దగ్గర పెట్టుకుంటే కోటు వాసనకు అడుగున ఘాటుగా అత్తరు కంపు. ఛీ! కొళాయి తిప్పి ఆ చేతిని ఎర్రబడేదాకా తోమింది. వాడి మీద ఎంత రోతో, తన మీద అంతకు రెట్టింపు రోత.

"ఏంటమ్మా, ఏమైంది?"

"ఏం కాలేదు. నువ్వు దూడని చూసుకో" అని చరచరా లోపలికి నడిచింది.

హాల్లో అందరూ రొట్టె, టీ తీసుకుంటున్నారు. మరిది పోయి పోయి ఆవులాయన కుర్చీలోనే కూర్చున్నాడు.

"రా వదినా! అయ్యగారూ, మా వదిన ఓ మాట చెప్తుందట, వినండి."

"కోటు విప్పు."

"అదేంటి వదినా?"

"నీకు చెవుడా? విప్పవయ్యా."

నవ్వుదామని చూశాడు. పాస్టరు గారి చేతిలో కప్పు గాల్లోనే ఆగిపోయింది. మరిది కోటు విప్పాడు. అడుగున నలగని పట్టుచొక్కా, దాంతోపాటే గదంతా అత్తరు.

"ఇప్పుడు తెలిసిందయ్యా నువ్వెవరివో!" అందామె కోటు లాక్కుంటూ. "మీ అన్న జీవితమంతా ఒకే ఒక్క అబద్ధం ఆడాడు, అదీ గొడ్డుతో. ఆడిన ప్రతిసారీ క్షమించమని అడిగాడు. నువ్వు చచ్చినవాడి తోలు కప్పుకొచ్చి నా దగ్గర పొదుగు వెతుకుతున్నావా? థూ! మంద నా కూతురిది. అయ్యగారూ, నేను చెప్పాల్సిన మాట ఇంతే. టీ చల్లారిపోతోంది, తాగండి."

ఈసారి ఎవరూ ఆమెన్ అనలేదు.

ఆమె కోటు దులుపుకుంటూ మళ్లీ కొట్టంలోకి వెళ్లి కూతురి భుజాల మీద వేసింది.

"వద్దమ్మా, నెత్తురవుతుంది!" అంది కూతురు.

"అవనీ. దానికేం కొత్త కాదు" అంటూ తల్లి గుండీలు పెట్టసాగింది.