సేవ్ చేయని చిలకలు

నేను ఒక ఎస్‌ఎస్‌డీని. కంప్యూటర్ కడుపులో ఉండి, మీరు దాచమన్నవన్నీ దాచిపెట్టే చిన్న బిళ్లను. ఏదో ఫ్యాక్టరీలో పుట్టి, పెళ్లి వీడియోల స్టూడియోలో రెండేళ్లు గొడ్డు చాకిరీ చేశాను. రోజూ బండెడు పెళ్లిళ్లు నాలో నింపేవారు, తుడిచేసేవారు. నాకు తలనొప్పి కూడా రాలేదు. తర్వాత ధర్మవరంలో పట్టుచీరల డిజైన్లు గీసే చౌడప్ప కంప్యూటర్లోకి వచ్చిపడ్డాను. అక్కడ మొదలైంది నా ఖర్మ!

రాసేకొద్దీ నేను అరిగిపోతానని ఎవరో ఆయన చెవిన వేశారు. అరుగుతాను, కాదనను. కానీ ఆయన గీసే బొమ్మల్ని రోజంతా సేవ్ చేసినా నేను అరగడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. వింటేగా! దానంతటదే సేవ్ అయ్యే ఏర్పాటు కూడా ఆపేశాడు. పని మొత్తం అయ్యాక ఒక్కసారే సేవ్ చేస్తాడట. నన్ను కాపాడుతున్నాడట! ఒళ్లు మండదూ?

ఒకరోజు మగ్గం నేసే ఓబుళమ్మ, చనిపోయిన వాళ్లమ్మ నేసిన చీర తెచ్చింది. మడతల్లో చీలిపోతోంది. దాని అంచు మీది చిలకల్ని మళ్లీ తన మగ్గం మీద నేయాలని ఆవిడ ఆశ. చౌడప్ప ఐదు రోజులు కూర్చుని, పోగు పోగూ చూసి, గడి గడీ నింపి చిలకల్ని తెర మీదికి దించాడు. రాత్రిళ్లు కూడా కంప్యూటర్ ఆపకుండా అలాగే ఉంచాడు గానీ, రంగులు దిద్దడం మిగిలింది కదా అని సేవ్ మాత్రం చేయలేదు.

"భద్రమేనా అప్పా?" అందావిడ.

"కంప్యూటర్లో ఉండాది గదక్కా, ఇంగ యాడికి పోతాది?"

లేదు మహాప్రభో, నా దగ్గర లేదు అని అరుద్దామంటే నాకు నోరేది? ఆవిడ ఆ మాట నమ్మి, కొత్త చీరకు పట్టు కొనే డబ్బుల కోసం చినిగిన చీరను పాత జరీ కొనేవాడికి ఇచ్చేసింది. జరీలోని వెండి కోసం వాళ్లు చీరల్ని కాల్చేస్తారు.

మర్నాడు మధ్యాహ్నం కరెంటు పోయింది. యూపీఎస్ కుయ్యోమని ఆగిపోయింది. కరెంటు వచ్చాక చౌడప్ప నన్ను మూలమూలలా వెతికాడు. ఆఖరికి ఊడదీసి రిపేరు షాపుకు పట్టుకెళ్లాడు.

"ఇది శుభ్రంగా ఉండాదన్నా. నూటికి నాలుగు పాళ్లు గూడా అరగలేదు. సేవ్ చేసింటే గదా దొరికేది!" అన్నాడు షాపతను.

సంగతి తెలిసి ఓబుళమ్మ జరీ కొనేవాడి దగ్గరికి పరుగెత్తింది. అప్పటికే చీర బూడిదైంది.

ఇప్పుడు చౌడప్ప గుర్తున్నంత మేర గీస్తున్నాడు. గడి నింపితే సేవ్, చెరిపితే సేవ్. ఓబుళమ్మ పక్కనే కూర్చుని తెర వైపే చూస్తుంటుంది.

"ఇది గాదప్పా. మాయమ్మ చిలక మెడ ఇట్లుండదు."

ఆయన మళ్లీ గీస్తాడు. నాలో ఇప్పటికి పదిహేడు చిలకలు భద్రంగా ఉన్నాయి. ఒక్కటీ వాళ్లమ్మది కాదు.