ఐసు ఫ్యాక్టరీ కంప్యూటరు గోడు

నేను ఒక పాత కంప్యూటరును. పాత అన్నది మర్యాదకు వాడిన మాట. ఏలూరులో నన్ను అమ్మినవాడు తుక్కు అనే అన్నాడు. అంతకుముందు తొమ్మిదేళ్ళు ఒక డిగ్రీ కాలేజీ ల్యాబులో ఉన్నాను. అక్కడి పిల్లలు నా ముందు కూర్చుని పాఠాలు నేర్చుకున్నది తక్కువ, క్రికెట్ స్కోర్లు చూసుకున్నది ఎక్కువ. కొత్తవి రాగానే నన్ను గోనెపట్టా కప్పి గోడౌనులో పడేశారు. నా బతుకు అంతటితో సరి అనుకున్నాను. సరి అయి ఉంటే బాగుండేది, ఇంత చిరాకు నా వంతుకు వచ్చేది కాదు.

నన్ను కొన్నది సత్యవేణి. ఆకివీడు అవతల, రొయ్యల చెరువుల మధ్య చిన్న ల్యాబు నడుపుతుంది. రైతులు సీసాల్లో నీళ్ళు, కవర్లలో రొయ్యలు తెస్తే పరీక్ష చేసి ఏ జబ్బు ఉందో చెబుతుంది. నన్ను స్కూటరు ముందు నిలబెట్టుకుని, మోకాళ్ళతో అదిమి పట్టుకుని, ఏలూరు నుంచి దారి పొడవునా తనలో తాను ఎవరినో తిడుతూనే వచ్చింది. ఎవరినో నాకు తర్వాత తెలిసింది.

ఆ పక్క చెరువులన్నిటికీ ఒకటే కాలువ. పైవాడు వదిలిన నీళ్ళనే కిందివాడు మోటారు వేసి తోడుకుంటాడు. అందుకని, జబ్బు చేసిన చెరువు నీళ్ళు వదిలేవాడు ముందుగా కిందివాళ్ళకు చెప్పి తీరాలన్నది అక్కడి కట్టుబాటు. పూర్వం దీనికోసమే ఒక మనిషిని గట్టు గట్టుకూ తిప్పేవారట. ఫోన్లు వచ్చాక ఆ మనిషి నడక మానేశాడు. ఒక పెద్ద కంపెనీ వేదిక మీద నాలుగు వేలమంది రైతులు గుంపు కట్టారు. అందులో నాలుగు ముక్కలు రాసేస్తే కట్టుబాటు తీరినట్టే. అవతలివాడికి చేరిందా లేదా అన్న బాధ ఎవరికీ లేదు.

నేను రావడానికి రెండు నెలల ముందు, ఒక చెరువులో తెల్లమచ్చ జబ్బును కనిపెట్టింది సత్యవేణి. ఆ జబ్బు వస్తే వారం తిరక్కుండా చెరువు చెరువంతా చస్తుంది. తెల్లమచ్చ వైరస్ వచ్చింది, నీళ్ళు వదులుతున్నారు, మోటార్లు వేయకండి అని పొద్దున్నే గుంపులో రాసింది. వైరస్ అన్న మాట చూసి, ఇదేదో తప్పుడు వైద్య సమాచారమని కంపెనీ దాన్ని పక్కన పెట్టింది. కాలువ దిగువన కౌలుకు మూడెకరాల చెరువు చేసే ఏసుపాదానికి ఆ కబురు మూడోరోజు కనిపించింది. అదీ ఒక మేత కంపెనీ ప్రకటన కింద. అప్పటికి ఆయన మోటారు వేయడమూ, యాభై రోజుల రొయ్య చచ్చి ఒడ్డుకు కొట్టుకు రావడమూ అయిపోయాయి. సత్యవేణి కంపెనీకి ఫిర్యాదు రాస్తే, మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది అని జవాబు వచ్చింది. అడుగుదామంటే మనిషి లేడు, తిడదామంటే మొహం లేదు. ఆమె దారి పొడవునా తిట్టింది ఆ లేని మొహాన్నే.

"ఈసారి ఏసుపాదం బాబాయ్ చెరువు పోకూడదు. మనదంటూ ఒక చోటు ఉండాలి, అక్కడ రాసింది రాసినట్టు కనపడాలి" అంది సత్యవేణి.

అన్నది సూర్యచంద్రరావు గారితో. ఆయన టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్పై ఏళ్ళు చేసి రిటైరైన మనిషి. నన్ను విప్పి, దుమ్ము దులిపి, లోపల ఒక చర్చావేదిక పెట్టాడు. కైకలూరు చేపల రైతులు కూడా ఇలాంటిదే ఒకటి నడుపుకుంటున్నారని చెప్పి, దానికీ నాకూ లంకె వేశాడు. నాలో రాసింది నిమిషంలో అక్కడికి పోతుంది, అక్కడ రాసింది నాలోకి వస్తుంది. ఒకటి పలక్కపోతే ఫోన్లు రెండోదాన్ని అడుగుతాయి.

"ఒక ఎక్స్ఛేంజీ పాడైతే మిగతా ఊళ్ళు మాట్లాడుకోడం మానేశాయా అమ్మా? ఇదీ అంతే" అన్నాడు.

నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఇంత కష్టపడి తెచ్చుకున్నాక, నేను పోతానేమోనని ముందే ఇంకొకదాన్ని సిద్ధం చేసుకోవడమేమిటి?

ఇక నన్ను ఎక్కడ పెట్టాలి? ల్యాబులో కరెంటు రోజుకు ఆరుసార్లు పోతుంది. ఐసు ఫ్యాక్టరీ ముత్యాలరావు గారు, మా ఆఫీసు గదిలో పెట్టుకోండి, జనరేటరు ఉంది అన్నాడు. పెద్దమనిషి, ఇరవై ఎకరాల చెరువుల ఆసామి. గది ఇచ్చినందుకు ఆయన్నే అధ్యక్షుణ్ణి చేశారు. మొదటి మీటింగులో నీళ్ళు వదిలే చెరువు పేరు రాసి తీరాలి, ఎవరు చెప్పినా తీయకూడదు అని నియమం పెడితే, అందరికంటే ముందు చెయ్యెత్తింది ఆయనే.

తర్వాత మొదలైంది అసలు నరకం. నాలుగు వేలమందిలో వచ్చింది అరవై ముగ్గురు. వాళ్ళలో పదకొండుమంది అడ్మిన్లు, ఎందుకంటే ఒకరికి ఇచ్చి ఇంకొకరికి ఇవ్వకపోతే మొహాలు మాడిపోతాయి. పాస్‌వర్డు మర్చిపోయామని రోజుకు పదిమంది ల్యాబుకు వచ్చి, చేతిలో రొయ్య కవరుతో సహా నిలబడేవారు. రొయ్య సంగతి తర్వాత, ముందు పాస్‌వర్డు సంగతి చూడమనేవారు. తెల్లారేసరికి శుభోదయం పువ్వులు నా నెత్తిన కుమ్మరించేవారు. కాలువలో జబ్బుందో లేదో చెప్పమని పెట్టుకున్న చోట ఈ మందారాలేమిటో నాకు అర్థం కాలేదు. ఒకాయనైతే సత్యవేణి మీదకి దెబ్బలాటకే వచ్చాడు.

"ఎంతమంది చూశారో తెలీదు, లైకు కొట్టేదానికి లేదు, మరెందుకండీ రాయడం?"

"కిందివాళ్ళు మోటారు వెయ్యకుండా ఉండడానికండీ" అంది ఆమె, అప్పటికి ఆ వారంలో నాలుగోసారి.

ఆయన తల ఊపి వెళ్ళి, పాత గుంపులోనే చెరువు నీళ్ళలో గాలి కలిపే తన కొత్త ఏరేటరు ఫొటో పెట్టుకున్నాడట. నూట ఎనభై లైకులు. ఆ సాయంత్రం సత్యవేణి నా ముందు కూర్చుని, "వీళ్ళకోసమా నేను తంటాలు పడుతున్నది?" అని కళ్ళు తుడుచుకుంది. ఏసుపాదం మాత్రం మళ్ళీ చెరువులో రొయ్య పిల్ల వేసి, రోజూ ఉదయం మోటారు దగ్గరకు వెళ్ళే ముందు ఫోను తీసి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివేవాడు. ఈ పంట కూడా పోతే కౌలు వదిలేసి, వేరేవాళ్ళ చెరువుల మీద కాపలాకు పోవాలి. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఆ ఒక్క మనిషికోసమే ఆమె నన్ను ఆపకుండా నడిపింది.

మాఘమాసంలో ఒకనాడు పది గంటలకు, ముత్యాలరావు గారి పనివాడు పరీక్షకు రొయ్యలు తెచ్చాడు. తెల్లమచ్చే. రొయ్య పట్టేసి మధ్యాహ్నం తూము ఎత్తి నీళ్ళు కాలువలోకి వదిలేస్తామని అతనే చెప్పాడు. నీళ్ళకు బ్లీచింగు పెట్టి నాలుగు రోజులు ఆగమని సత్యవేణి చెప్పి పంపింది. ఆగరని ఆమెకు తెలుసు. అందుకే నియమం ప్రకారం చెరువు పేరుతో సహా నాలో రాసేసింది. ఏసుపాదానికి ఫోను చేస్తే ఎత్తలేదు. ఇక అధ్యక్షుడికి ఎదురుగానే చెబుదామని ఐసు ఫ్యాక్టరీకి వచ్చింది. ఆయన అప్పటికే నా పక్కన నిలబడి ఫోనులో అదే చదువుతున్నాడు.

"అమ్మాయ్, ముందది తీసెయ్. కొనేవాళ్ళు చూశారంటే రొయ్య ముట్టుకోరు."

"తియ్యకూడదని మనం రాసుకున్నాం కదండీ. మీరే ముందు చెయ్యెత్తారు."

"ఎత్తాను, ఊరి చెరువుల గురించి. నాది అందులో వస్తదని ఎవరనుకుంటారు? ఆ కంపెనీవోడంటే ఎవడో తెలవదు, అడగలేం. నువ్వు మన మనిషివి, మా పెరట్లో ఆడుకున్నదానివి. నీ దగ్గర కూడా నా మాట చెల్లకపోతే ఇంకెందుకమ్మా ఈ సొంత దుకాణం?"

నేను ఇంత కాలం విన్న మాటల్లో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే. మొహం లేని కంపెనీతో వేగలేక పారిపోయి వస్తే, ఇక్కడ ప్రతి మొహానికీ ఒక చుట్టరికం.

"మన మనిషిని కాబట్టే తియ్యలేనండీ. కింద ఏసుపాదం బాబాయ్ ఉన్నాడు."

 ఆయన వంగి నా ప్లగ్గు పీకేశాడు.

తర్వాత జరిగింది ఆమె నాకు చెప్పినదే. స్కూటరు తీసుకుని, మిట్టమధ్యాహ్నపు ఎండలో, ఐదు కిలోమీటర్లు గట్టు వెంట పోయింది. ఎన్నిసార్లు చేసినా ఫోను ఎత్తడు. ఈపాటికి మోటారు వేసే ఉంటాడని ఏడ్చుకుంటూ పోయిందట. చెరువు దగ్గరకు వెళ్ళేసరికి ఏసుపాదం తుమ్మచెట్టు కింద కూర్చుని అన్నం తింటున్నాడు. కాలువ ఒడ్డున మోటారు పొడిగా ఉంది.

"ఏంటమ్మాయిగారండీ, ఇంత ఎండలో? నీళ్ళు తాగండి ముందు."

"మోటారు వేశావా బాబాయ్?"

"ఎందుకేస్తానండీ? పదిన్నరకే చదివాను కదా. కిందోళ్ళకి కూడా చెప్పొచ్చాను. ఫోను గుడిసెలో ఉండిపోయిందండి."

"మన కంప్యూటరు ప్లగ్గు పీకేశారు బాబాయ్. మొత్తం ఆగిపోయింది."

ఆయన చేతిలో ముద్ద అలాగే పెట్టుకుని ఆశ్చర్యంగా చూశాడట. "ఆగిపోయిందాండీ? మాకేం తెలవలేదే. ఇప్పుడే మా తోడల్లుడు కూడా చూశాడంట, కనపడుతుందనే అన్నాడు."

కనపడింది కైకలూరు కంప్యూటరులోది. తర్వాత సత్యవేణి నన్ను ఐసు ఫ్యాక్టరీ నుంచి తెచ్చేసుకుంది, ఇప్పుడు ఆమె ల్యాబులో, సీసాల బల్ల కింద ఉన్నాను. ఆ మధ్యాహ్నం నుంచి నాలుగు రోజులు నాకు ప్రాణం లేదు. ఆ నాలుగు రోజులూ వాళ్ళు రాసుకున్నారు, చదువుకున్నారు, మందారాలు పంపుకున్నారు. నేను లేనన్న సంగతి ఒక్కడికీ పట్టలేదు. ముత్యాలరావు గారు ఇప్పటికీ అధ్యక్షుడే. దిగిపొమ్మని ఆయన మొహం మీద చెప్పే ధైర్యం పదకొండుమంది అడ్మిన్లలో ఎవరికీ రాలేదు. ఇవన్నీ తలుచుకుంటే నాకు ఇప్పటికీ మంటే.

కానీ మొన్న ఏసుపాదం చెరువులో రొయ్యల పట్టుబడి అయింది, పంట చేతికి వచ్చింది. ఒక గిన్నెడు రొయ్యలు తెచ్చి బల్ల మీద పెట్టి, వంగి నన్ను చూశాడు. "ఇదేనాండీ ఆ రోజు ఆగిపోయింది?" అని అడిగి, తడి చెయ్యి పంచెకు తుడుచుకుని, నా మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్ళిపోయాడు.