అత్తయ్య కుర్చీలో కూర్చున్న రోజు

"చేపలు కడిగిన చేత్తో కెమెరా ముట్టుకోకు," అన్నారు మా ఆయన నాగభూషణం, నేను కొర్రమేను ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టిస్తుంటే. ఆయన తీసిన ఫోటోలను కడిగేవీ ఈ చేతులేనని ఆయనకు తోచలేదు. బందరులో మా స్టూడియో తెరిచిన దగ్గర్నుంచీ కెమెరా వెనక ఆయన, చీకటి గదిలో ఎర్రబల్బు కింద నేను. ప్రింట్లు వేసేదాన్ని, మచ్చలు దిద్దేదాన్ని, క్లిప్పులు పెట్టి ఆరబెట్టేదాన్ని. వచ్చినవాళ్ళతో మాత్రం, "మా సరళ ఇంట్లో ఊరికే కూర్చోలేక ఏదో సాయం చేస్తుందండీ," అనేవారు.

తొంభై నాలుగులో మహిళా కాలేజీలో ఫోటోగ్రఫీ కోర్సు పెట్టారు. సర్టిఫికెట్ షాపులో తగిలిస్తే బాగుంటుందని ఆయనే ఒప్పుకున్నారు. చివర్లో ప్రాజెక్టు చేయాలి, ఒకే మనిషి మీద పన్నెండు ఫోటోలు. నాగాయలంక వెళ్ళి చేపలు ఎండబెట్టే ఆడవాళ్ళలో ఒకరిని తీస్తానంటే, "కెమెరా మెళ్ళో వేసుకుని రేవుల్లో తిరుగుతావా? ఇంట్లో ఎవరినో ఒకరిని తియ్యి," అన్నారు.

ఇంట్లో మా అత్తయ్య సత్యవతమ్మ ఉన్నారు. ఫోటోగ్రాఫర్‌ని కన్నతల్లి. ఆవిడ ఒంటరిగా దిగిన ఫోటో ఒక్కటీ లేదు. అడిగితే, "మొగుడు పోయినదాన్ని, నాకెందుకే ఫోటోలు," అని కసిరారు. అయినా రోజూ కెమెరా పట్టుకుని ఆవిడ వెనకే తిరిగాను. పప్పు రుబ్బుతున్నప్పుడు, పెరట్లో జుట్టు ఆరబెట్టుకుంటున్నప్పుడు, గిన్నెలో మిగిలిన అడుగన్నం నిలబడే తింటున్నప్పుడు. అది తీస్తూ ఉలిక్కిపడ్డాను. నేనూ అలాగే తింటున్నాను కదా, ఎప్పుడు అలవాటైంది నాకు?

ఆఖరి ఫోటోకి స్టూడియోలో ఫోటో దిగేవాళ్ళు కూర్చునే కుర్చీ చూపించాను.

"పనేం లేకుండా కూర్చోమంటే ఎలా కూర్చోవాలే?" అన్నారు అత్తయ్య, నిజంగానే తెలియనట్టు.

"మీ ఇష్టం అత్తయ్యా."

అంచున కూర్చున్నారు. కాసేపటికి వెనక్కి జరిగారు. ఆ తర్వాత చేతులు రెండూ కుర్చీ చేతుల మీద పరిచి, ఆ ఇల్లంతా తనదే అన్నట్టు నా వైపు సూటిగా చూశారు. నేను మీట నొక్కాను.

కాలేజీలో ప్రదర్శనకు ముందు రోజు పొద్దున చూస్తే, పన్నెండు ప్రింట్ల మీదా మూలన మా ఆయన స్టూడియో ముద్ర ఉంది. "పెద్దవాళ్ళొస్తారు, మన షాపుకి పేరొస్తుంది. నీ పేరు ఎవడికి తెలుసు?" అన్నారాయన. నేను ఏడవలేదు. ఒకటే అనుకున్నాను, మళ్ళీ వేస్తాను. చీకటి గది తలుపు వేసుకోబోతుంటే వెనకనుంచి అత్తయ్య అన్నారు, "వంట నేను చూసుకుంటాలే. వాడొచ్చి తలుపు కొట్టినా తియ్యకు."

కొట్టారు కూడా. "అన్నం పెట్టేవాళ్ళు లేరా ఈ ఇంట్లో?" అని కేకలేశారు. "గిన్నె అక్కడే ఉంది, వడ్డించుకోరా," అంది అత్తయ్య గొంతు. డెవలపర్ మందునీళ్ళలో తెల్ల కాగితం మీద ఆవిడ మొహం మెల్లగా తేలుతుంటే నాకు నవ్వాగలేదు. సాయంత్రానికి పన్నెండూ ఆరాయి. ప్రతి దాని కిందా నా పేరు నా చేత్తోనే రాశాను.

మర్నాడు జనం ఆ కుర్చీ ఫోటో దగ్గరే ఆగిపోతున్నారు. విజయవాడ నుంచి వచ్చిన పరీక్షకుడు మా ఆయన్ని చూసి, "స్టూడియో నడుపుతారట కదండీ, దీన్లో మీ చెయ్యి కూడా ఉండే ఉంటుంది," అన్నారు. ఈయన అవుననీ కాదనీ అనకుండా నవ్వారు.

పక్కనే ఉన్న అత్తయ్య కొంగు నిండుగా కప్పుకుని ముందుకొచ్చారు. "మావాడిది కాదండీ. వాడు నన్నెప్పుడూ ఇలా చూళ్ళేదు. నా కోడలు చూసింది."

ఆ మాటకు మా ఆయన తల దించుకున్నారు. పరీక్షకుడు నా వైపు తిరిగి నమస్కారం పెట్టారు. కోర్సులో నాకే మొదటి స్థానం వచ్చింది.

వారం తిరక్కుండా పామర్రు నుంచి ఒక పెద్దాయన పెళ్ళి ఫోటోలు మాట్లాడుకోవడానికి వచ్చారు. కౌంటర్ దగ్గర నన్ను చూసి, "ఫోటోగ్రాఫర్ గారు లేరామ్మా?" అన్నారు.

లోపల మా ఆయన ఉన్నారు. పిలవలేదు.

"ఉన్నానండీ," అన్నాను. "ముహూర్తం ఎప్పుడో చెప్పండి."