కాసులమ్మకు శని కనబడలేదు

మా ఏటికి వరదొచ్చి వడ్రంగి వీరాచారి కొట్టు గోడ కూలిపోయిన తర్వాత ఐదో ఏడు, కార్తీకం వెళ్లాక ఒక శనివారం జరిగింది ఇది.

నేను ఒక మెట్ల పీటను. ఉన్నవి మూడు మెట్లు. ఆ వరదలో కొట్టుకొచ్చిన టేకు దుంగను వీరాచారి తాడేసి ఒడ్డుకు లాగి, ఏడాది ఆరబెట్టి నన్ను చేశాడు. ఒక్క మేకు కొట్టలేదు. చెక్కలో చెక్క దూర్చి బిగించాడు. అంత పనితనమున్న నా నడుం మీద ఆఫీసువాళ్లు తెల్లరంగుతో నంబరు రాశారు, గొడ్డుకు వాత పెట్టినట్టు. సరేలే అని ఊరుకున్నాను.

నా కొలువు కొండమీది తారామండలంలో. జనం ముందు గుండ్రటి హాల్లో వెల్లకిలా కూర్చుని కప్పుమీద తిరిగే చుక్కల బొమ్మ చూస్తారు. చల్లగా ఉందని సగంమంది నిద్రపోతారు. ఆ తర్వాత మేడ మీదికొచ్చి, నన్నెక్కి, టెలిస్కోపుకు కన్ను ఆనించి అసలు చుక్కను చూస్తారు. చూపు వాళ్లకి, చెప్పుల బురద నాకు.

ఇక శనివారం నాడు శనిని చూపిస్తే ఆ వేషాలు చెప్పలేను. లెంపలేసుకుని ఎక్కేవాడొకడు. నా కాళ్ల దగ్గర నల్లనువ్వులు పోసి దండం పెట్టే ఆవిడొకావిడ. ఆవిడకేం, చీమలు పట్టింది నాకు.

ఆ సాయంత్రం గుల్లపాలెం నుంచి డ్వాక్రా సంఘం ఆడవాళ్లు బస్సు కట్టించుకుని వచ్చారు. అందులో కాసులమ్మ ఒకత్తి. ఎండుచేపలు అమ్ముకునే మనిషి. మొగుడు సముద్రం మీదికి వేటకెళ్లి తిరిగి రాలేదు. మరుసటేడు ఇల్లు కాలింది. అప్పట్నుంచి ఊళ్లో ఆమెకు శని పట్టిందన్నారు. పెళ్లిళ్లకు పిలవరు. పొద్దున్నే ఎదురొస్తే మొహం తిప్పుకుంటారు. ఇవన్నీ వరసలో నిలబడి వాళ్లే చెప్పుకుంటుంటే విన్నాను.

"నీకెందుకే ఈ సూపులు? బస్సులో కూకోరాదా?" అంది సంఘం లీడరు నూకరత్నం.

"నా ఇంట్లోనే ఉన్నాడని ఇన్నేళ్లబట్టి మీరే అంటన్నారు గదప్పా. ఒక్కపాలి ఆ మొకం ఎలాగుంటాదో సూసుకోనీ" అంది కాసులమ్మ.

వాళ్లకు ముందు ఒక పొడుగాటాయన ఎక్కాడు. ఫోటో తీసుకుందామని ఒక చేత్తో ఫోను పెట్టి, రెండో చేత్తో టెలిస్కోపును బస్సులో కమ్మీ పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. గొట్టం జరిగింది. ఆ కుదుపు నాకు తెలిసింది. చూపించే గంగాధరం సారుకు తెలియలేదు. నలుగురైదుగురు చూశాక తానొకసారి చూసి సరిచేయాలి ఆయన. చేయలేదు. శనికి ఎన్ని చందమామలున్నాయో చెప్పుకుపోతున్నాడు.

ఆ తర్వాత తొమ్మిదిమంది ఎక్కారు. నిజంగా చూసిన మనిషి కాలివేళ్లు తెలియకుండానే నా చెక్కను గట్టిగా పట్టుకుంటాయి. ఈ తొమ్మిదిమంది వేళ్లు కదిలితే ఒట్టు. అయినా "అబ్బ, ఎంత బాగుందో!" అన్నారు. నూకరత్నమైతే "ఉంగరం ఎట్టుకున్నట్టే ఉన్నాడు బాబూ!" అంది. సారు కింద చెప్పిందే పైకెక్కి అప్పజెప్పింది. ఒళ్లు మండింది నాకు.

పదో మనిషి కాసులమ్మ. చాలాసేపు చూసింది.

"ఏటీ అగుపడ్నేదు బాబూ. నల్లగుంది."

"కన్ను సరిగా పెట్టమ్మా."

"ఎట్టాను బాబూ. ఏటీ నేదు."

"ఇంతమందికి కనబడింది, నీకొక్కదానికే కనబడలేదా? చూశానని దిగు, లైను ఆగిపోయింది."

"సూడకుండా సూసానని ఎలాగంటాను?"

"పట్టినోళ్లకి అగుపడడులే సారూ!" అని నూకరత్నం కేకేసింది. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. అది నేను క్షమించలేదు. చదువుకున్నవాడు గొట్టంలోకి తొంగి చూడ్డానికి ఎంతసేపు పడుతుంది? నాకు నోరుంటే ఆ తొమ్మిదిమంది పేర్లూ పిలిచి కడిగేసేదాన్ని. కాసులమ్మ కొంగుతో కన్ను తుడుచుకుని, నా చివరి మెట్టు దగ్గర తడబడి, దిగిపోయింది. కింద బస్సు హారను మోగించింది.

మేడ ఖాళీ అయ్యాక మూతలు పెట్టడానికి సారు నన్నెక్కాడు. ఊరికే ఒకసారి కన్ను పెట్టాడు. మళ్లీ పెట్టాడు. నల్లగా ఉంది. దిగి నా మీదే కూలబడి, తాళాలవాడు వచ్చి పిలిచేదాకా లేవలేదు. కూర్చోనీ, నేను మాత్రం జాలిపడలేదు.

మర్నాడు పొద్దున్నే నన్ను ఆటో మీద కట్టించాడు. చిన్న టెలిస్కోపు ఒళ్లో పెట్టుకున్నాడు. రిజిస్టరులో రాసుకున్న ఊరిపేరు అడుక్కుంటూ గుల్లపాలెం చేరాడు. ఒడ్డున చేపలు ఆరబోస్తున్నారు ఆడవాళ్లు. నన్ను ఇసకలో దింపి, వాళ్లందరి ముందు నిలబడ్డాడు.

"నిన్న గొట్టం జరిగిపోయింది. అందులో శని లేడు. ఉన్నాడన్నవాళ్లంతా అబద్ధం చెప్పారు, నాతో సహా. ఈమె చెప్పిందే నిజం."

నూకరత్నం ఒంగి చేపలు తిరగేయడం మొదలుపెట్టింది. కాసులమ్మ చేతులు కడుక్కునొచ్చింది. టెలిస్కోపును చూసింది.

"ఇప్పుడు సూస్తే ఏటి అగుపడతాది?"

"ఏమీ కనబడదమ్మా. పొద్దుగూకాలి."

"ఆ మాట నిన్న అనుంటే సరిపోను గదా బాబూ" అంటూ ఇంట్లోకి నడిచింది. చద్దన్నం గిన్నెతో తిరిగొచ్చి ఆయన చేతిలో పెట్టింది.

ఆయన నా కింది మెట్టు మీద కూర్చుని తిన్నాడు. పొద్దుగూకడానికి ఇంకా తొమ్మిది గంటలుంది.