దైఫల్లా పన్ను

జోర్డాన్ ఎడారి ఊరు మఆన్‌లో మెకానిక్ దైఫల్లా చెయ్యి పడ్డ లారీ డీజిల్ తాగదు, వాసన చూసి నడుస్తుంది. ఒకసారి ఫాస్ఫేటు లోడుతో అకబా రేవుకు వెళ్ళి తిరిగొచ్చిన లారీ ట్యాంకులో, బయల్దేరినప్పటికన్నా నాలుగు లీటర్లు ఎక్కువే తేలింది. కొలకర్ర వేసి చూసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఆ చెయ్యే ఒకరోజు ఉదయం రొట్టె ముక్కను చాయ్‌లో ముంచి, అది మెత్తబడేదాకా ఓపిగ్గా పట్టుకుని ఉంది. పొట్టివాడు. మెడ ఉందో లేదో తెలియని భుజాలు. గోళ్ళ సందుల్లో నలభై ఏళ్ళ నల్లనూనె. చెవులు రెండూ పోయి పదేళ్ళయింది. నోట్లో మిగిలింది కుడివైపు పైదవడ పన్ను ఒక్కటే. దాని చుట్టూ చిగురు వాచి, చెంప నిమ్మకాయంత ఉబ్బింది.

భార్య నువైర్ గోడకు ఆనించిన ఒలీవ కర్ర అందుకుంది. ఒక చివర అతని పంటికి ఆనించి, రెండో చివర తన గొంతుకు పెట్టుకుంది. ఆ ఇంట్లో మాటలు అలాగే నడుస్తాయి. కర్రలోంచి వచ్చిన మాట పంటికెక్కి, ఎముక పట్టుకుని తలలోకి వెళుతుంది.

“రాత్రంతా మూలుగుతూనే ఉన్నావు. ఇవాళన్నా వెళ్ళి పీకించుకో, మొండి గాడిదా!”

అతను కర్ర తీశాడు. “పీకిస్తే నీ తిట్లు దేంతో వినాలే?”

“మోకాళ్ళతో విను!” అందామె. కర్ర తీశాక అన్న మాట కాబట్టి అది అతనికి చేరలేదు.

అతని మరమ్మతు షెడ్డు ముందు డ్రైవరు మిత్అబ్ లారీ నల్లపొగ కక్కుతోంది. “సలాం హాజీ!” అని అరిచి, అంతలో గుర్తొచ్చి, మిత్అబ్ నాలిక్కరుచుకున్నాడు. రెండు వేళ్ళు చూపించి, తల అడ్డంగా ఊపాడు. లీటరుకు రెండు కిలోమీటర్లు కూడా రావడం లేదని.

దైఫల్లా కర్ర పంటికి ఆనించి, రెండో చివరతో ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ఆరు నాజిళ్ళనూ ఒక్కొక్కటే తడిమాడు. నాలుగోది చిమ్మడం మాని కారుస్తోంది. దాన్ని మార్చాడు. తర్వాత డీజిల్ పంపు బోల్టులు వదులు చేశాడు. అసలు పని ఇక్కడుంది. లోపల మంట తొందరపడితే ఇంజన్ సుత్తి దెబ్బల్లా కొట్టుకుంటుంది. ఆలస్యమైతే డీజిల్ పొగైపోతుంది. ఆ రెంటి మధ్య ఎక్కడో శబ్దం గుండ్రంగా అవుతుంది. అది దొరికేదాకా ఇంజన్ ఆపించడం, పంపును వెంట్రుకంత తిప్పడం, మళ్ళీ స్టార్టు చేయించి వినడం.

నాలుగోసారికి దొరికింది. ఆ గుండ్రని మోత తల నిండా పరుచుకుంది. కళ్ళు మూసుకున్నాడు. ఉన్నట్టుండి అంతా నిశ్శబ్దం.

“ఎవడ్రా ఆపమంది?” అని కసిరి కళ్ళు తెరిచాడు.

ఫ్యాను తిరుగుతూనే ఉంది. పన్ను ఊడి, కర్ర చివర అరిగిన గుంటలో నిలబడి ఉంది.

నెత్తురు ఉమ్మి, కర్రను బోసి చిగురుకు ఆనించాడు. చక్కిలిగింత తప్ప ఏమీ రాలేదు. ఇంకొంచెం గట్టిగా నొక్కాడు. ఏమీ లేదు. పన్ను జేబులో వేసుకుని బోల్టులు బిగించాడు. బిగించేటప్పుడు పంపు కదిలిందేమో ఎప్పుడూ మరోసారి విని చూసేవాడు. ఈసారి చెయ్యి ఇంజన్ మీద ఊరికే వేసి నిలబడ్డాడు.

“పొగే లేదు హాజీ! ఎంతిస్తుంది?” మిత్అబ్ గంతులేస్తున్నాడు. పెదాలు కదలడం చూసి దైఫల్లా రెండు వేళ్ళు చూపించి, మూడోదాన్ని సగం మడిచాడు.

ఇక్కడో మాట దిద్దుకోవాలి. మొదట్లో చెప్పిన నాలుగు లీటర్ల మహిమ దైఫల్లాది కాదు. కొలిచినప్పుడు ఆ లారీ ఏటవాలు మీద నిలబడి ఉంది. అతను మిగల్చగలిగింది లీటరుకు అరకిలోమీటరే. ఆ అరా ఆ పంటిదే.

పొద్దు వాలుతుండగా వాకిట్లో కూర్చున్నాడు, తలగుడ్డ చెంగు నోటికి చుట్టుకుని. నువైర్ చాయ్ కెటిల్‌తో వచ్చి, ఎప్పటిలాగే చెంగు కిందనుంచి కర్ర పెట్టింది. రోడ్డు మీద అకబా నుంచి తిరిగొస్తున్న లారీ ఒకటి పొడుగ్గా హారన్ కొట్టుకుంటూ పోయింది.

“నీ మిత్అబే! నఖబ్ కనుమ ఎక్కొచ్చినా బండి ఎంత మెత్తగా పోతోందో చూడు!”

అతను రోడ్డు వైపు తిరగలేదు. ఆమె పెదాలనే చూస్తూ తలాడించాడు.

ఆమె కళ్ళు చిన్నవయ్యాయి. “చాయ్‌లో పంచదార వెయ్యనా, గాడిద ఉచ్చ పొయ్యనా?”

“నీ ఇష్టమే” అన్నాడతను, ప్రేమగా.

నువైర్ నవ్వలేదు. కర్ర కూడా తియ్యలేదు. గొంతుకు అలాగే ఆనించుకుని చాలాసేపు ఏదో చెప్పింది. అతను తలాడిస్తూనే ఉన్నాడు. తర్వాత చాయ్‌లో పంచదార వేసి, కలిపి, అతని చేతిలో పెట్టింది.

మర్నాటి నుంచి షెడ్డు తెరవలేదు. కర్ర షెడ్డు తలుపు పక్క మేకుకు వేలాడుతోంది. అది ఒలీవ కర్ర అని చెప్పింది నా కల్పన, కథకు అందంగా ఉంటుందని. అది చీపురు పిడి. ఒక చివర పన్ను నాటుకున్న గుంట, రెండో చివర గొంతు ఆనీ ఆనీ ఆకుపచ్చ రంగు పోయిన నునుపు.