గోడ అవతలి సముద్రం

ఆమెకు భర్త మీద చెప్పుకోదగ్గ ఫిర్యాదేమీ లేదు. తాగడు, తిట్టడు. ఆదివారం మధ్యాహ్నం భోంచేసి బుద్ధిగా సముద్రంలో దూకుతాడు, అంతే. టీవీలో సముద్రజీవుల సినిమాలంటే ఆయనకు ప్రాణం. ఒడ్డున కనిపెట్టుకుని ఉండటానికి మాత్రం ఓ మనిషి కావాలి: మంచినీళ్లు, టీ, కళ్లజోడు, ఫోను ఛార్జరు.

"ఇదిగో, త్వరగా రా, తిమింగలం!" అని కేకేస్తాడు. చేతులు తుడుచుకుని వచ్చేసరికి ఉత్త నీళ్లు. "పోయింది. నువ్వెప్పుడూ ఇంతే." అలా పద్దెనిమిదేళ్లుగా ఆమె సముద్రాన్ని గోడ అవతలి నుంచి వింటోంది. కుక్కరు కూతల మధ్య తిమింగలం సన్నగా మూలిగినప్పుడు, ఈ ఇంట్లో తనను పలకరించేది అదొక్కటేనేమో అనిపించేది. కాలేజీలో మూడేళ్లు జంతుశాస్త్రం చదివింది. ఆ ముచ్చట చెప్పుకుందామన్నా గిన్నెలే దిక్కు.

ఊళ్లో కొత్తగా కట్టిన చేపల ప్రదర్శనశాలలో, చూడవచ్చినవాళ్లకు వివరించి చెప్పే ఉద్యోగం ఉందంటే చప్పుడు చేయకుండా దరఖాస్తు పెట్టింది. సోమవారం చేరమన్నారు. ఇవాళ పొద్దున ఆ మాట చెబితే ఆయన పడీపడీ నవ్వాడు. "చేపల గురించి నీకేం తెలుసోయ్, వేయించడం తప్ప?" అత్తగారు వంత పాడింది: "ఇంట్లో పనేదో లేనట్టు!"

ఇప్పుడు హాల్లోంచి మళ్లీ ఆయన గొంతే, అక్కడే కూర్చున్న తల్లితో. "చూడమ్మా, ఆ సముద్రపు గుర్రం! పొట్టలోంచి ఎన్ని పిల్లలొస్తున్నాయో! తల్లంటే అదీ."

"అది తల్లి కాదు, తండ్రి," అంది ఆమె పొయ్యి దగ్గర్నుంచే.

"చూడకుండానే చెప్పేస్తోంది మహాతల్లి!"

ఆమె పొయ్యి కట్టేసింది. వచ్చి ఆయన పక్కనే, సోఫాలో, వెనక్కి వాలి కూర్చుంది. ఆ ఇంట్లో పగటిపూట అలా వాలడం అదే మొదటిసారి.

"ఆడది గుడ్లు మగదాని పొట్టసంచిలో పెట్టి తన దారిన పోతుంది. మోసేదీ కనేదీ అయ్యగారే."

టీవీలోని గొంతూ అదే చెప్పింది. ఆయన తెరకేసే చూస్తూ, "కూర మాడుతోందేమో," అన్నాడు.

"మాడదు. రేపు తొమ్మిదింటికి వెళ్తున్నాను."

ఆయన టీవీ సౌండు పెంచాడు. ఆ హోరు మీదుగా అత్తగారు అడిగింది. "ఇదంతా నీకెలా తెలుసే?"

"చదువుకున్నానత్తయ్యా. మూడేళ్లు."

పెద్దావిడ కోడలి వైపు తిరిగింది.

"నా కోడలు డిగ్రీ చదివిందని పదిమందికీ గొప్పగా చెప్పుకున్నాను. ఏం చదివావని మాత్రం ఒక్కరోజైనా నిన్నడగలేదు. తప్పు నాదేనమ్మా."