తాళం తీసి కట్టిన పట్టిక

హైటెక్ సిటీలో మొదటి అద్దాల భవనం తెరిచిన మరుసటి ఏడాది ఉమాశ్రీ అందులోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో డేటాబేస్ పని చూసేది. కాకినాడ నుంచి వచ్చిన అమ్మాయి. భవనం చుట్టూ ఇంకా బండరాళ్లూ తుప్పలే. వాళ్ల ఆఫీసున్న అంతస్తు ఊడ్చి తుడిచే నవనీత మధ్యాహ్నం పూట ఆమె కుర్చీ పక్కన కాసేపు నిలబడి మాట్లాడి వెళ్లేది. నవనీతది పాలమూరు వైపు. లారీ డ్రైవరైన భర్త జబ్బుచేసి పోయాడు. కొత్తగూడలో ఒక గది కిరాయికి తీసుకుని కూతురిని బడికి పంపుకుంటోంది.

కంపెనీ అప్పుడు నగరంలోని ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రికి పని చేస్తోంది. ఆ ఆసుపత్రి డేటాబేస్‌లో రోగుల వివరాలకు ఉమాశ్రీయే కట్టుదిట్టం చేసింది. ఏ డాక్టరుకు ఆ డాక్టరు రోగులే కనిపిస్తారు. బిల్లుల కౌంటర్లో కూర్చున్నవాళ్లకు పేరూ, బిల్లూ తప్ప మరేమీ కనిపించదు.

చిక్కల్లా నివేదికల దగ్గర వచ్చింది. ఒక్కోటి తెరుచుకోవడానికి అరగంట పట్టేది. టీమ్ లీడర్ ఉదయ్ భాస్కర్ మెటీరియలైజ్డ్ వ్యూ కట్టమన్నాడు. అంటే లెక్కలన్నీ ముందే వేసి, ఫలితాన్ని వేరే పట్టికగా దాచిపెట్టడం. అడగ్గానే తెరుచుకుంటుంది. ఉమాశ్రీ ప్రయత్నించింది. ఆంక్షలున్న పట్టిక మీద అలాంటిది కట్టనని డేటాబేస్ మొండికేసింది.

"అది కావాలనే ఆపుతోంది సార్," అంది ఉమాశ్రీ. "అసలు పట్టికకు వేసిన తాళం ఈ కొత్తదానికి రాదు. ఎవరు తెరిచినా అన్నీ కనిపిస్తాయి."

"సోమవారం ఆసుపత్రి వాళ్లు చూడ్డానికి వస్తున్నారండీ. ఆ ఆంక్ష తీసేసి కట్టేయండి. తర్వాత మళ్లీ పెట్టేద్దాం."

"మళ్లీ పెట్టినా అది పాతదానికే సార్. కొత్తదానికి వేరే చెయ్యాలి, వారం పడుతుంది. పోనీ, ఆ రక్తపరీక్షల ఫలితాలు వదిలేసి కడతాను."

"వాళ్లు అన్నీ కావాలన్నారు. ముందు ఇది కానివ్వండి. ఆ వారం మీకు తర్వాత ఇస్తాను."

ఉమాశ్రీ తాళం తీసి కట్టింది. ఆసుపత్రి వాళ్లు చూసి మెచ్చుకుని వెళ్లారు. ఆ వెంటనే ఇంకో ప్రాజెక్టు వచ్చి పడింది. ఆ వారం సంగతి ఆమె మళ్లీ మళ్లీ గుర్తుచేసింది. చివరికి ఉదయ్ భాస్కర్ తలెత్తి చూడటం కూడా మానేశాడు.

కొన్నాళ్లకు నవనీత పనికి రావడం ఆగిపోయింది. ఊడ్చేవాళ్ల సూపర్‌వైజర్ కిష్టయ్యను ఉమాశ్రీ అడిగింది.

"తీసేసినం మేడం. ఆమెకు ఎయిడ్స్ ఉందట," అన్నాడు కిష్టయ్య గొంతు తగ్గించి. "మా బామ్మర్ది దవాఖానల బిల్లులు కొడ్తడు, ఆమె వానికి ఎరుకే. కంప్యూటర్ల కనబడ్డదట."

"ఏ దవాఖాన?"

అతను చెప్పింది ఆమె పట్టిక కట్టిన ఆసుపత్రి పేరే. పైకి వచ్చి, బిల్లుల కౌంటర్ వాళ్ల లాగిన్ పేరుతోనే డేటాబేస్‌లోకి వెళ్లి చూసింది. నవనీత, కొత్తగూడ, పరీక్ష, ఫలితం. ఏ అడ్డూ లేదు.

ఉదయ్ భాస్కర్ విని లేచి వెళ్లి గది తలుపు వేశాడు. "బయట ఎక్కడా అనకండి ఉమా," అన్నాడు. ఆ పరీక్షలు వదిలేసి ఆమె పట్టికను మళ్లీ కట్టింది. సాయంత్రానికల్లా అయిపోయింది.

మర్నాడు కొత్తగూడ వెళ్లింది. నవనీత గడపలో కూర్చుని ఉంది. లోపల సామాను మూటలు కట్టి ఉంది. సంగతి అక్కడికీ పాకి, ఇంటివాళ్లు ఖాళీ చెయ్యమన్నారట. నల్లా దగ్గరకు రానివ్వడం లేదట. పిల్లను బడికి పంపొద్దన్నారట.

"దవాఖానల డాక్టరమ్మకు దప్ప ఎవరికీ ఎరుక లేదు మేడం. మా అమ్మకు గూడ చెప్పలే. ఎట్ల తెలిసింది?"

ఉమాశ్రీ చెప్పింది, ఏమీ దాచకుండా. చెబుతూనే ఏడ్చింది. నవనీత ఏడవలేదు.

"అంటే ఆ తాళం మీరే తీసిండ్రా?"

"నేనే తీశాను."

నవనీత అంది, "అయితే ఒక్క పని జెయ్యుండ్రి. కంప్యూటర్ తప్పు చూపిచ్చిందని కిష్టయ్యకు చెప్పుండ్రి. నాకేం లేదని చెప్పుండ్రి. మీరు చెప్తె నమ్ముతడు."

ఉమాశ్రీ కిష్టయ్య దగ్గరకెళ్లి అలాగే అబద్ధం చెప్పింది. అతను నిజంగానే సంతోషించాడు.

"గట్లనా? పాపం, మంచి మనిషి. అయితే ఇంకొక్కపారి పరీక్ష చేయిచ్చుకొని కాయితం తెమ్మనుండ్రి మేడం. అందరి నోర్లు మూతవడ్తయి. ఆ దినమే పనిల పెట్టుకుంట."



ఆ మాట నవనీతకు చేరవేస్తే తల ఊపింది. "సక్కగనే అడిగిండు," అంది. "ఇగ మీరు రాకుండ్రి మేడం. మీరొస్తె ఇంకింత మంది చూస్తున్నరు."

జరిగిందంతా ఉమాశ్రీ తన పేరుతోనే ఆసుపత్రికి రాసింది. జవాబు రాలేదు. ఉదయ్ భాస్కర్ మాత్రం పిలిచి, అలాంటిదేమీ జరగలేదని రాసివ్వమన్నాడు. రాయనంది. ఆమెను ఉద్యోగంలోంచి తీసేశారు.

మళ్లీ కొత్తగూడ వెళ్లేసరికి ఆ గదికి కొత్త సున్నం వేసి ఉంది. ఎవరో వేరేవాళ్లు దిగారు. నవనీత పిల్లను తీసుకుని ఎటు పోయిందో తెలియదనీ, మట్టిపనికి పోతానందనీ పక్కింటావిడ చెప్పింది.

ఆ తర్వాత ఉమాశ్రీ పొద్దున్నే గచ్చిబౌలి దగ్గర కూలీలు నిలబడే చోటికి వెళ్లేది. లారీలెక్కే ఆడవాళ్ల ముఖాలు ఒక్కొక్కటే చూసేది. కనిపిస్తే ఏమనాలో ఆమెకు తెలియదు. కొన్నాళ్లకు వెళ్లడం మానేసింది.